మాంత్రికుడు చెప్పని మాట

1951లో కె.వి. రెడ్డి తీసిన 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి మనం దుష్టుడిగానే గుర్తుంచుకున్నాం. ఎస్.వి. రంగారావు చూపూ గొంతూ అంతటివి. అయితే ఆ పాత్రను రాసిన పింగళి నాగేంద్రరావు అతణ్ణి అసాధారణ సాధకుడిగా కూడా మలిచారు. అతనికి విద్య ఉంది, ప్రయోగముంది, సేవకు శిష్యుడున్నాడు, చచ్చినవాణ్ణి లేపే సంజీవని ఉంది. మన కథల్లో మేధావి అయిన క్రూర శాస్త్రజ్ఞుడికి ఇంతకంటే దగ్గరి బంధువు నాకు కనిపించడు.

అతని అసలు దోషం కత్తి ఎత్తినప్పటిది కాదు, అంతకు చాలా ముందుది. కథానాయకుడు తోట రాముడికి రాజకుమారి కావాలి. అందుకు ఐశ్వర్యం కావాలి. ఆ అవసరాన్ని పసిగట్టి మాంత్రికుడు దారి చూపిస్తానంటాడు. బలి అయ్యేది రాముడేనన్న ఒక్క సంగతి మాత్రం దాస్తాడు. బలవంతం ఎక్కడా లేదు. రాముడు తనంతట తానే వెంట నడిచాడు. నిజం చెప్పింది మాంత్రికుడు కాదు, మొసలి రూపం వదిలిన అప్సరస.

హెచ్.జి. వెల్స్ 1896లో సృష్టించిన డాక్టర్ మోరో కూడా కోపిష్ఠి కాడు. తన ద్వీపంలో జంతువులను కోసి మనుషులుగా మార్చబూనినవాడు, వాటి బాధను లెక్కలోకే తీసుకోడు. మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ (1818) ప్రాణం పోసిన జీవిని చూసి భయపడి వదిలి పారిపోతాడు. ముగ్గురిలోనూ జ్ఞానానికి లోటు లేదు. ఎదుటి ప్రాణి తమ పనికి సామగ్రిగా మాత్రమే కనిపించడమే వారి లోపం.

ఈ లోపానికి పిచ్చివాడి నవ్వు అక్కర్లేదు, ప్రభుత్వ కాగితం మీద కూడా అది బతకగలదు. ఖమ్మం జిల్లాలో 2009 జూలైలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్.పి.వి. టీకాలు వేశారు. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. ఆ బాలికల్లో చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. కొందరు బాలికలు మరణించడంతో గొడవ రేగింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో ప్రాణాలు కాపాడుతోంది. అందుకే ఈ ఉదంతం నన్ను మరింత బాధిస్తుంది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి. 1,948 పత్రాల మీద వేలిముద్రలే ఉన్నాయి. ఆ పిల్లల తల్లిదండ్రులకు ఎవరు, ఏ భాషలో, ఏం చెప్పారు? నాజీ వైద్యుల విచారణ తర్వాత 1947లో రూపొందిన న్యూరెంబర్గ్ నియమావళిలో మొదటి సూత్రమే స్వచ్ఛందమైన అంగీకారం. అరవై రెండేళ్ల తర్వాత కూడా ఆ సూత్రం మన ఏజెన్సీ పల్లెల దాకా రాలేదు. ఇందులో ఏ ఒక్కరూ మాంత్రికుడంతటి దుర్మార్గులని నేననను. మంచి ఉద్దేశం ఉన్నవారే, తొందరలో, అడగవలసినవారిని అడగలేదు. అంతకంటే భయపెట్టే సంగతి నాకు తోచదు.

2013 తర్వాత నిబంధనలు బిగిశాయి. నిస్సహాయ స్థితిలో ఉన్నవారిపై కొత్త మందులు పరీక్షించేటప్పుడు వారి అంగీకారాన్ని దృశ్య రూపంలో రికార్డు చేయాలన్నారు. మంచి నియమమే, కానీ కెమెరా తల ఊపడాన్ని పట్టుకోగలదు గాని అర్థమైందో లేదో పట్టుకోలేదు.

వైద్యవిద్యలో 2019 నుంచి నైతికత, సంభాషణ పాఠ్యాంశాలుగా ఉన్నాయి. వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో ఆ తరగతిలో ఒక గంట 'పాతాళ భైరవి' వేసి చూపించాలని నా కోరిక. ములుగు, భూపాలపల్లి అడవి పల్లెల నుంచి ఎం.జి.ఎం. ఆసుపత్రికి వచ్చే రోగులను రేపు చూడవలసింది ఆ విద్యార్థులే. రాముణ్ణి వెంట తీసుకెళ్లే ముందు మాంత్రికుడు ఏం చెప్పి ఉండాలో వాళ్లనే రాయమనాలి, తర్వాత దాన్ని కోయ భాషలో వివరించమనాలి.