ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల దగ్గర

వెబర్ 40 డీసీఓఈ కార్బొరేటర్‌లో ఫ్లోట్ మట్టం సరిచూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. 8.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ ఒకటి, 15 మిల్లీమీటర్లది ఇంకొకటి చాలు. వాటి నున్నటి కాడలే కొలబద్దలు. అయినా ఈ కొలత చూడకుండానే మిక్చర్ స్క్రూ తిప్పేవాళ్లు ఎక్కువ. తిప్పితే కాసేపు బాగానే ఉంటుంది, రోడ్డెక్కాక మళ్లీ మిస్సింగ్. పాత కారు మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా ఇక్కడే అలిసిపోయి బండిని షెడ్డులో పెట్టేస్తారు. అందుకే ఈ 8.5ను ఎలా కొలవాలో, అది తప్పితే ఏమవుతుందో లెక్కతో సహా చెప్పాలనిపించింది.

ఎడోర్డో వెబర్ 1923లో ఇటలీలోని బొలోన్యాలో కంపెనీ పెట్టాడు. డీసీఓఈ ఆ కంపెనీ చేసిన జంట గొట్టాల అడ్డ కార్బొరేటర్. 40 అంటే ఒక్కో గొట్టం వ్యాసం, మిల్లీమీటర్లలో. 1960లలో ఆల్ఫా రోమియో జూలియా మోడళ్లు కొన్నింటిలోనూ, 1962లో వచ్చిన లోటస్ ఎలాన్‌లోనూ ఇవి రెండేసి ఉండేవి.

ఫ్లోట్ చేసే పని మనకు కొత్తది కాదు. డాబా మీది నీళ్ల ట్యాంకులో బంతి వాల్వ్ చేసేదే ఇదీ చేస్తుంది: మట్టం పెరిగితే పైకి లేచి దారి మూస్తుంది, తగ్గితే కిందికి దిగి తెరుస్తుంది. ట్యాంకులో నీళ్లు రెండంగుళాలు తగ్గినా ఇంట్లో ఎవరూ గమనించరు. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు 3 మి.మీ. తగ్గితే మాత్రం ఇంజిన్ గమనిస్తుంది.

ఎంత గమనిస్తుందో చూద్దాం. పెట్రోలు గాలిలో కలవాలంటే ముందు నాజిల్ అంచు దాకా ఎక్కాలి. గిన్నెలో మట్టం ఆ అంచుకు 6 మి.మీ. కింద ఉందనుకోండి. పెట్రోలు సాంద్రత నీటి సాంద్రతలో సుమారు 0.74 వంతు. కాబట్టి ఆ 6 మి.మీ. ఎక్కడానికే 4.4 మి.మీ. నీటి ఎత్తుకు సమానమైన పీల్పు ఖర్చయిపోతుంది. మట్టం మరో 3 మి.మీ. పడిపోతే ఆ ఖర్చు 6.7 అవుతుంది. మిగిలిన పీల్పే పెట్రోలును లాగుతుంది. ఆ ప్రవాహం మిగిలిన పీల్పుకు వర్గమూలం లెక్కన పెరుగుతుంది, తగ్గుతుంది.

యాక్సిలరేటర్ బాగా తొక్కినప్పుడు వెంచురీలో, అంటే గొట్టం ఇరుకైన చోట, పీల్పు 200 మి.మీ. నీటి ఎత్తు ఉందనుకుంటే, 3 మి.మీ. తేడా వల్ల తగ్గే పెట్రోలు అర శాతానికి కాస్త ఎక్కువ. అది ఎవరికీ తెలియదు. అదే కాలు తేలిగ్గా ఆనించి పోతూ, మెయిన్ జెట్ అప్పుడప్పుడే అందుకుంటున్న సమయంలో పీల్పు 20 మి.మీ. మాత్రమే ఉంటే? తగ్గుదల 7 శాతం దాటుతుంది. 14.7 కిలోల గాలికి ఒక కిలో పెట్రోలు అందాల్సిన చోట 15.9 కిలోల గాలికి ఒక కిలో అందుతుంది. ఎయిర్ కరెక్టర్ జెట్ ప్రభావాన్ని పక్కన పెట్టి వేసిన లెక్క ఇది, అయినా దారి చూపిస్తుంది. గట్టిగా తొక్కితే బ్రహ్మాండంగా లాగే బండి, మెల్లగా పోతున్నప్పుడు గుటకలు వేస్తూ తడబడుతోందంటే నా అనుమానం ముందు ఫ్లోట్ మీదికే పోతుంది. మిక్చర్ స్క్రూ పెత్తనం ఐడిల్ దాకానే. ఈ తడబాటు దాని చేతిలో లేదు.

ఇక కొలత. బ్యాటరీ వైరు తీసి, గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా పని మొదలుపెట్టాలి. పైమూతకున్న 5 స్క్రూలు విప్పి, మూతను గాస్కెట్‌తో సహా నిలువుగా పట్టుకోవాలి. ఫ్లోట్ దాని బరువుకు అదే వేలాడుతుంది. దాని ఇత్తడి నాలుక, పెట్రోలు దారి మూసే నీడిల్ వాల్వ్ చివరనున్న చిన్న బంతిని తాకీ తాకనట్టు ఆనాలి. ఆ బంతి వెనక స్ప్రింగ్ ఉంటుంది. అది లోపలికి నొక్కుకుందంటే కొలత తప్పినట్టే. చాలామంది పొరపడేది ఇక్కడే. ఈ స్థితిలో గాస్కెట్‌కూ ఫ్లోట్‌కూ మధ్య 8.5 మి.మీ. బిట్ కాడ రాసుకుంటూ దూరాలి, ఫ్లోట్‌లోని రెండు బుడగల దగ్గరా ఒకేలా. ఆ తర్వాత మూతను అడ్డంగా పట్టుకుని ఫ్లోట్‌ను పూర్తిగా కిందికి దిగనిస్తే దూరం 15 మి.మీ. రావాలి. మధ్య తేడా 6.5 మి.మీ., అదే ఫ్లోట్ ఆడే నిడివి. పాత 40 డీసీఓఈలలో చాలావాటికి ఇవే అంకెలు.

8.5 బదులు 10 వచ్చిందంటే ఫ్లోట్ ఇంకా కింద ఉండగానే దారి మూసుకుంటోంది, మట్టం తక్కువ, మిక్చర్ లీన్. 7 వచ్చిందంటే మట్టం ఎక్కువ, బండి పెట్రోలు ఎక్కువ తాగుతుంది, కొన్నిసార్లు నాజిల్‌లోంచి కారుతుంది కూడా. నాలుకను చిన్న పటకారుతో వెంట్రుకవాసి వంచి, మళ్లీ కొలిచి, మళ్లీ వంచాలి. ఫ్లోట్‌ను నొక్కి వంచితే నీడిల్ మొన పాడవుతుంది.

కొలత సరిగ్గా ఉన్నా మట్టం తప్పే సందర్భాలు రెండు. మొదటిది ఫ్లోట్ బరువు. ఇత్తడి ఫ్లోట్ మీద 26 గ్రాములని అచ్చు వేసి ఉంటుంది. బంగారం తూచే త్రాసు మీద పెట్టి చూడండి. 29 చూపిస్తే దాదాపు 4 మిల్లీలీటర్ల పెట్రోలు లోపలికి దూరిందని అర్థం. వేడి నీళ్లలో ముంచితే చిల్లు ఉన్నచోట బుడగలొస్తాయి. టంకం పెట్టి మూసేస్తే ఆ టంకం బరువూ కలుస్తుంది కాబట్టి, నా మాట వింటే కొత్తది వేసుకోవడమే మేలు.

రెండోది పంపు ఒత్తిడి. 1.75 మి.మీ. రంధ్రమున్న వాల్వ్ మీద 3 పీఎస్ఐ ఒత్తిడి సుమారు 5 గ్రాముల తోపుతో సమానం. అదే ఒత్తిడి 2 మి.మీ. రంధ్రం మీద 6.6 గ్రాములు. పంపు మార్చి 6 పీఎస్ఐ చేస్తే 1.75 వాల్వ్ మీదే 10 గ్రాములు. ఆ తోపును ఆపాలంటే ఫ్లోట్ పెట్రోల్లో ఇంకా లోతుకు మునగాలి. 8.5 చెక్కుచెదరకపోయినా గిన్నెలో మట్టం పెరుగుతుంది. ‘పెద్ద’ ఎలక్ట్రిక్ పంపు పెట్టించాక పెట్రోలు కారడం మొదలైతే ఫ్లోట్‌ను తిట్టకండి, ప్రెషర్ రెగ్యులేటర్ పెట్టండి.

ఇప్పుడు మన బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు సంగతి. దాని సాంద్రత 0.74 నుంచి 0.75కు పెరుగుతుంది, అంతే. ఫ్లోట్‌కు ఆ తేడా లెక్కలోకి రాదు. కానీ ఆ ఇంధనం పూర్తిగా మండటానికి 14.7 కాదు, 13.5 కిలోల గాలి సరిపోతుంది. అంటే దాదాపు 9 శాతం ఎక్కువ ఇంధనం కావాలి. ఫ్లోట్ మట్టం పెంచి దీన్ని సర్దుదామని చూడొద్దు. పైన చూసినట్టు, మట్టం ప్రభావం మెల్లగా పోయేటప్పుడే, గట్టిగా తొక్కినప్పుడు దాదాపు సున్నా. సర్దాల్సింది మెయిన్ జెట్‌తో. 115 నంబరు జెట్ రంధ్రం 1.15 మి.మీ., 120ది 1.20. ఆ ఒక్క మెట్టుతో వైశాల్యం 9 శాతం పెరుగుతుంది.

ఒక్క మాట. మీ ఇంట్లో ఉన్నది అంబాసిడరో, పద్మినియో అయితే ఈ 8.5ను దానికి వాడకండి. కార్బొరేటర్ బాడీ మీద చెక్కిన పేరూ నంబరూ చూసి, ఆ కార్బొరేటర్ మాన్యువల్‌లోని కొలతను చిన్న కాగితం మీద రాసి, బండి కాగితాలతో పాటు దాచండి. రేపు ఆ బానెట్ ఎవరు ఎత్తినా, స్క్రూ ముట్టుకోకముందే వాళ్ల చేతికి ఆ కాగితం ఇవ్వండి.