తోటపనివారి కూలి, శిక్షణ: యజమానులు తెలిసికొనవలసిన నియమములు



పంటకు విత్తనము, ఎరువు, నీరు ఎంత అవసరమో పనివాని చేయి అంత అవసరము. కడియము ప్రాంతపు నర్సరీలలో సంచులకు మట్టి నింపువారు, అంట్లు కట్టువారు, పట్టణములలో పార్కులను, పచ్చిక బయళ్లను, బాటల వెంబడి చెట్లను కాపాడువారు అందరును మన వ్యవసాయ కుటుంబమునకు చెందినవారే. అయినను వీరికి ఎంత కూలి ఈయవలెను, ఏ పని నేర్పిన పిమ్మట చేయింపవలెను అను విషయములు మనలో పలువురకు స్పష్టముగా తెలియవు.

కొంతకాలము క్రిందట నేనొక నర్సరీని చూడబోయితిని. ఒక పురుషుడు, ఒక స్త్రీ ప్రక్కప్రక్కన కూర్చుండి అంట్లు కట్టుచుండిరి. సాయంకాలము లెక్క చూడగా ఆమె కట్టిన అంట్లే ఎక్కువ. కూలి మాత్రము ఆమెకే తక్కువ. "ఆడకూలి రేటు అంతేనండీ" అని యజమాని చెప్పెను. అతడు చెడ్డవాడు కాడు. ఊరి వాడుకను అనుసరించెను, అంతే. కాని వాడుక వేరు, చట్టము వేరు.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1948వ సంవత్సరపు కనీస వేతనముల చట్టములో వ్యవసాయముతో పాటు ఉద్యాన పంటల పెంపకము కూడ చేరియుండెను. అయితే ఆ చట్టము షెడ్యూలులో పేర్కొన్న పనులకు మాత్రమే వర్తించెడిది. దాని స్థానమున 2019లో పార్లమెంటు ఆమోదించిన వేతనముల కోడు 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. ఇప్పుడు కనీస వేతనపు హక్కు కొన్ని పనులకే పరిమితము కాదు. నర్సరీ కూలీకి, పార్కు మాలీకి, కాంట్రాక్టరు క్రింద పచ్చిక కోయువానికి కూడ అది వర్తించును.

ముఖ్యమైన అంశములు ఇవి:

1. ప్రభుత్వము ప్రకటించిన రేటుకు తక్కువ ఈయరాదు. పనివాడు తక్కువకు ఒప్పుకొన్నను ఆ ఒప్పందము చెల్లదు. కరువు భత్యము సాధారణముగా ఏప్రిల్ 1, అక్టోబరు 1 తేదీలనుండి మారుచుండును. కావున గత సంవత్సరపు రేటును నమ్ముకొనరాదు.

2. ఒకే విధమైన పనికి స్త్రీ పురుషులకు ఒకే కూలి ఈయవలెను.

3. దినకూలి ఆ దినపు పని ముగియగనే ఈయవలెను. వారపు కూలి వారములోని చివరి పనిదినమున, నెల జీతము మరుసటి నెల 7వ తేదీ దాటకుండ ఈయవలెను.

4. కూలిని నగదుగా గాని, చెక్కుగా గాని, బ్యాంకు ద్వారా గాని చెల్లించవలెను. గింజలు కొలిచి సరిపెట్టుట చాలదు. అడ్వాన్సు మొదలగు కోతలన్నియు కలిపి కూలిలో సగమునకు మించరాదు.

5. నిర్ణీత గంటలకు మించి పని చేయించినచో అదనపు గంటలకు రెట్టింపు రేటు ఈయవలెను. ఉదాహరణకు, 8 గంటల పనికి కూలి 480 రూపాయలు అనుకొందము. గంటకు 60 రూపాయలు పడును. రెండు గంటలు అదనముగా చేసినచో, గంటకు 120 చొప్పున 240 కలిపి మొత్తము 720 రూపాయలు ఈయవలెను.

తక్కువ కూలి ఇచ్చినవారికి 50,000 రూపాయల వరకు జరిమానా కలదు. అయిదేండ్లలో మరల అదే తప్పు చేసినచో మూడు నెలల వరకు జైలు గాని, లక్ష రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పనివాడు మూడేండ్లలోపల బాకీని కోరవచ్చును.

వ్యవసాయమునకు అయిదుగురికి మించకుండ పనివారిని పెట్టుకొన్న రైతుకు రిజిస్టరు, వేతన చీటీల నిబంధన లేదు. అయినను అధికారి అడిగినప్పుడు కూలి ఇచ్చినట్లు తగిన ఆధారము చూపవలెను. ఒక చిన్న పుస్తకములో తేదీ, పేరు, పని, ఇచ్చిన మొత్తము వ్రాసి, సంతకమో వేలిముద్రయో తీసికొనుట రైతుకే రక్షణ.

శిక్షణ ఎందుకు?

తోటపనిలో మిక్కిలి ప్రమాదకరమైనది పురుగుమందు పని. 1971వ సంవత్సరపు క్రిమిసంహారక మందుల నియమములు తయారీదారులు, పంపిణీదారులు, మందు చల్లు పనిని చేపట్టువారు తమ పనివారికి జాగ్రత్తలలోను, రక్షణ సామగ్రి వాడుకలోను శిక్షణ ఇప్పించవలెనని విధించుచున్నవి. మీ పొలములో మందు చల్లువానికి కూడ ఈపాటి నేర్పుట మీ ధర్మము.

మొదట డబ్బాపై గల త్రికోణపు రంగును గుర్తించుట నేర్పుడు. ఎరుపు అత్యంత విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ వరుసగా అంతకంతకు తక్కువ విషములు. చదువురానివానికి కూడ రంగు తెలియును. చేతితో మందు కలుపరాదు. నాజిల్‌ను నోటితో ఊదరాదు. గాలికి ఎదురుగా చల్లరాదు. పని ముగిసిన పిమ్మట సబ్బుతో స్నానము చేసి బట్టలు మార్చుకొనవలెను. తల తిరుగుట, వాంతి, విపరీతమైన చెమట, చూపు మసకబారుట కన్పించినచో పని ఆపించి, మందు డబ్బాపై చీటీతో సహా వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

గడ్డికోత యంత్రము నడుపువానికి బూట్లు, కంటి అద్దములు ఈయవలెను. గడ్డి చిక్కుకొన్నప్పుడు ఇంజను ఆపిన తరువాతనే చేయి పెట్టవలెనని నేర్పుడు. అంటు కట్టుట, కొమ్మ కత్తిరింపు మొదలగు నైపుణ్యములకు మీ జిల్లా కృషి విజ్ఞాన కేంద్రమును అడుగుడు.

గ్రామోద్యోగులకు ఒక మాట

పంచాయతీ మొక్కల పనిని కాంట్రాక్టరుకు ఇచ్చినంత మాత్రమున బాధ్యత తీరిపోదు. కనీస వేతనమునకు తక్కువ ఇచ్చి చేయించుకొను పని రాజ్యాంగము నిషేధించిన వెట్టిచాకిరియే యగునని సుప్రీంకోర్టు 1982లో తీర్పు చెప్పినది. కావున బిల్లు మంజూరు చేయుటకు ముందు పనివారికి కూలి ముట్టినదో లేదో వారినే అడిగి తెలిసికొనుడు.

సోదరులారా, ఈ వారములోనే మూడు పనులు చేయుడు. కార్మికశాఖ కార్యాలయమునుండి ప్రస్తుత రేట్ల పట్టికను తెచ్చి షెడ్డు గోడకు అంటింపుడు. కూలి పుస్తకమును ప్రారంభింపుడు. మందు డబ్బాను చేతికిచ్చుటకు ముందు దాని త్రికోణమును పనివానికి చూపుడు. న్యాయముగ కూలి ముట్టినవాడు, పని నేర్చినవాడు మరుసటి యేడు కూడ మీ తోటకే వచ్చును. అతని చేతిలో మొక్క బ్రతుకును, మీ పెట్టుబడియు నిలుచును.