దోనె ఎక్కే ముందు బ్యాగులో ఏముండాలి?

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే మన అనకాపల్లిలో చాలా ఇళ్లల్లో రెండే ప్లాన్లు. ఒక్క రోజు అయితే కొండకర్ల ఆవ, రెండు రోజులు దొరికితే పాపికొండలు, గోదావరి ఒడ్డున రాత్రి బస. రెండూ నీళ్ల మీద ప్రయాణాలే. కానీ మనం బ్యాగు మాత్రం బస్సు ప్రయాణానికి సర్దినట్టే సర్దుతాం.

నేనూ అలాగే సర్దాను. మా బాబు బట్టలన్నీ ఒకే బ్యాగులో కుక్కి బోటు అడుగున పెట్టాను. నీళ్లు చేరేది అక్కడే కదా! ఆ రాత్రి వాడు వాళ్ల నాన్న చొక్కా వేసుకుని పడుకున్నాడు. అప్పటి నుంచి మా ఇంట్లో బట్టలు రెండు భాగాలు: తడవడానికి ఒక జత, ఏమైనా సరే తడవకూడనిది ఒక జత. రెండోది విడిగా, మూత గట్టిగా బిగిసే కవర్లో ఉంటుంది.

డ్రై బ్యాగ్ అని ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాని మూతిని కనీసం మూడు మడతలు చుట్టి క్లిప్పు పెట్టాలి, ఒక్క మడత చాలదు. కొనడం ఇష్టం లేకపోతే మందమైన పాలిథిన్ కవర్లు రెండు, ఒకదానిలో ఒకటి వేసి వాడండి. బయల్దేరే ముందు ఇంట్లోనే పాత న్యూస్‌పేపరు లోపల పెట్టి, నీళ్ల బకెట్‌లో ముంచి చూడండి. పేపరు పొడిగా ఉంటే కవరు పాసైనట్టే. ఈ పరీక్ష పిల్లలకే అప్పజెప్పండి, వద్దన్నా మానరు.

జీన్స్ వద్దు. తడిస్తే బరువెక్కుతుంది, ఓ పట్టాన ఆరదు. ట్రాక్ ప్యాంటు మేలు. జనవరిలో నది ఒడ్డున తెల్లవారుజామున చలి బాగా ఉంటుంది కాబట్టి స్వెట్టరు, మంకీ క్యాపు, దుప్పటి, టార్చి, దోమల క్రీము మర్చిపోవద్దు. హవాయి చెప్పులు బురదలో జారిపోతాయి, వెనక పట్టీ ఉన్న శాండల్స్ వెయ్యండి.

బరువు సంగతి. 2020 నాటి స్కూల్ బ్యాగ్ పాలసీ పుస్తకాల సంచి పిల్లల బరువులో పదో వంతు మించకూడదంది. ట్రిప్పు బ్యాగుకూ అదే లెక్క పెట్టుకోవచ్చు. 35 కిలోల పిల్లవాడికి మూడున్నర కిలోలు. లీటరు నీళ్ల బాటిలే ఒక కిలో అని గుర్తుంచుకుంటే మూడో జత బట్టలు దానంతటదే బయటికొస్తుంది.

కొండకర్ల ఆవలో తాటి దుంగలు తొలిచి, జంటగా కట్టిన దోనెలు చూసే ఉంటారు. వాటిలో బరువు ఒక పక్కకు చేరితే దోనె ఆ పక్కకే వాలుతుంది. అందుకే బరువైన సంచి అడుగున, మధ్యలో పెట్టాలి (కింద ఒక కవరు పరిచి!). పక్షులను చూపిస్తూ లేచి నిలబడవద్దని చెప్పేదీ ఇందుకే. గరిమనాభి పైకి వెళ్లే కొద్దీ నిలకడ తగ్గుతుంది. పుస్తకంలో బట్టీ పట్టిన మాట పిల్లలకు అక్కడ అర్థమవుతుంది.

ఇక లైఫ్ జాకెట్. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో, కచ్చులూరు దగ్గర పాపికొండలు వెళ్తున్న బోటు మునిగి దాదాపు 50 మంది ప్రాణాలు పోయాయి. జాకెట్ బోటులో ఉంటే సరిపోదు, ఒంటి మీద ఉండాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో అది పైకి తేలుతుంది, పిల్లవాడు కిందికి జారిపోతాడు. బెల్టులన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చేస్తే అది వదులు, చిన్నది అడగండి. చిన్న పిల్లలకు కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కావాలి. సైజు లేదంటే ఎక్కించకండి, టికెట్టు డబ్బులు పోతే పోనివ్వండి. "మా పాపకు ఈత వచ్చు" అని ఏటా ఎవరో ఒకరు అంటారు. స్విమ్మింగ్ పూల్ వేరు, ప్రవాహం వేరు. నది పోటు మీద ఉన్న వరద రోజుల్లో అసలు ప్లానే వద్దు.

స్కూలు తరఫున వెళ్తున్నప్పుడు ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలరు పెద్ద బ్యాగులో కాదు, వాళ్ల జేబులోనే జిప్ కవర్లో ఉండాలి. ఇంకొకటి టీచరు చేతికివ్వండి. అంగీకార పత్రంలో మందుల వివరం రాయడానికి మొహమాటపడొద్దు, మేం అడిగేది అందుకే.

తినడానికి చిప్స్ ప్యాకెట్ల కంటే పల్లీ చెక్కలు, నువ్వుండలు, అటుకులు నయం. మన ఊరి బెల్లం సంగతి మీకు చెప్పక్కర్లేదు, కాస్త చెమ్మ తగిలితే జిగురుగా కారుతుంది. ఉండలు స్టీలు డబ్బాలోనే పెట్టండి. ఖాళీ కవర్లు తిరిగి తేవడానికి ఇంకో సంచి.

బ్యాగు మీరు సర్దకండి. మీరు పక్కన కూర్చుని చూడండి, పిల్లలే సర్దాలి. చీకట్లో టార్చి ఎక్కడుందో వాళ్లకు తెలియాలి కదా. తిరిగొచ్చిన రాత్రి ఎంత నిద్రొస్తున్నా ఆ తడి కవరు మాత్రం విప్పి ఆరేయించండి, తెల్లారేసరికి ఆ వాసన ఇల్లంతా పాకుతుంది.