పిండి కొద్దీ రొట్టె

వస్తువులను కొనుటలో మన జనులకు రెండు తెఱగుల భ్రమ కలదు. చవకగా దొరకినదే లాభమని తలంచువారు కొందఱు. వెల హెచ్చినదే మేలైనదని నమ్మువారు మఱికొందఱు. మొదటివారు అంగడిలో గెలిచి ఇంటికడ ఓడుదురు. రెండవవారు అంగడియందే ఓడి, ఆ ఓటమినే ప్రతిష్ఠ యని చెప్పుకొందురు. ఈ ఇరువురకును నడుమ నిలిచి, వెలకు తగిన పని జరుగుచున్నదా యని లెక్క చూచువారు మిక్కిలి తక్కువ. దీపము మొదలు మోటారు బండి వఱకు, చేతిలోని ఫోను మొదలు పొలములోని పంపు వఱకు, నేడు ప్రతి గృహస్థుని ఆదాయములో పెద్ద భాగము యంత్రములకే పోవుచున్న కారణమున, ఈ లెక్కను గూర్చి విచారించుట అవసరమని మేము భావించుచున్నాము.

పిండి కొద్దీ రొట్టె యని మన సామెత. రొట్టె విషయమున అది సత్యము. యంత్రముల విషయమున అర్ధసత్యము మాత్రమే. ఏలయన, యంత్రములయందు పిండి రెట్టింపైనంత మాత్రమున రొట్టె రెట్టింపు కాదు. రెండవది, కాలము గడచినకొలది ఇచ్చట పిండియే చవక యగుచుండును. మూడవది, రొట్టెను ఒకమాఱు కొన్న చాలును. యంత్రమునకో, కొన్న పిదప దినదినము మేత వేయవలెను. గుర్రము గుడ్డిదైనను దాణా తప్పదు గదా! ఈ మూడు భేదములను గుర్తింపనివాడు ఎంత విద్యావంతుడైనను అంగడివాని చేతిలో కీలుబొమ్మయే.

దాణా లెక్కను మొదట దీపముతో చూతము. 60 వాట్ల పాత గాజు బుడ్డి ఇచ్చు వెలుతురును 9 వాట్ల ఎల్. ఇ. డి. దీపము ఇంచుమించుగా ఇచ్చును. దినమునకు 5 గంటలు వెలిగించిన యెడల, మొదటిది సంవత్సరమునకు 110 యూనిట్లకు దగ్గరగాను, రెండవది 16 యూనిట్లు మాత్రమును కరెంటు తినును. యూనిటు 6 రూపాయల చొప్పున లెక్కించిన, ఒక్క దీపముపై ఏటికి 550 రూపాయలకు పైగా మిగులును. ఇంతటి లాభము కన్నుల ఎదుట నున్నను, మొదట ఆ దీపమును ఎవరు కొనిరి? వెల వందల రూపాయలలో నుండుటచే సామాన్యుడు దానిని ముట్టలేదు. లెక్క తెలియనందున కాదు. నేడు ముందుగా పెట్టవలసిన సొమ్ము చేతిలో లేకపోవుటచేత. బీదవాడు చవక సరకును కొనుటను అజ్ఞానమని హేళన చేయు పెద్దలు ఈ సంగతిని మఱువరాదు.

ఈ చిక్కును విప్పిన విధానము గమనింపదగినది. కేంద్ర ప్రభుత్వ రంగమునకు చెందిన ఇ. ఇ. ఎస్. ఎల్. సంస్థ లక్షల దీపములను ఒక్కమాఱుగా బహిరంగ టెండర్ల ద్వారా కొనసాగెను. 2014వ సంవత్సరములో దీపము ఒక్కంటికి 310 రూపాయలుగా నున్న కొనుగోలు ధర, 2016వ సంవత్సరమునకు 40 రూపాయలకు లోపుగా దిగివచ్చెను. 2015 జనవరిలో దేశమంతట వ్యాపించి, తరువాత ఉజాలా యను పేరు పొందిన ఈ ప్రయత్నమునకు ముందుగా, 2014వ సంవత్సరాంతముననే ఆంధ్రప్రదేశములో గుంటూరు మొదలగు జిల్లాలయందు ఈ దీపములు పంచబడినవి. అనేక స్థలములలో 10 రూపాయలు మాత్రము ముందు తీసికొని, తక్కినది కరెంటు బిల్లుతో నెలనెలకు వసూలు చేసిరి. ఈ పథకము క్రింద దేశమున పంచబడిన దీపములు 36 కోట్లకు మించినవి. వెలను దించినది యుపన్యాసము కాదు. పెద్ద యెత్తు బేరము. కొనిపించినది ప్రచారము కాదు, వాయిదాల సౌకర్యము.

ఇదే లెక్క ఫానునకు వర్తించును గాని, ఒక భేదముతో. సామాన్యమైన ఫాను 75 వాట్లు తినుచుండగా, బి. ఎల్. డి. సి. యను కొత్త మోటారు ఫాను 30 వాట్ల ప్రాంతమున సరిపుచ్చుకొనును. దినమునకు 12 గంటల వంతున ఏడాదిలో 300 దినములు తిరుగు ఫానుపై 162 యూనిట్లు, అనగా 970 రూపాయలు, మిగులును. హెచ్చుగా పెట్టిన వేయి, పదునైదు వందలు ఒకటి రెండేండ్లలో తిరిగి వచ్చును. కాని ఏటికి పది దినములు బంధువులు దిగు గదిలో అదే ఫానును బిగించినవానికి, ఆ సొమ్ము వాని మనుమల కాలమునకు గాని తిరిగి రాదు. వస్తువు ఒక్కటే, వెల ఒక్కటే. ఒక గదిలో లాభము, పక్క గదిలో నష్టము. కావున “ఏది మంచిది?” యను ప్రశ్నకు అర్థము లేదు. “ఎవనికి, ఎంత వాడుకకు మంచిది?” యనునదియే ప్రశ్న.

మోటారు బండ్ల బేరము కూడ ఇట్టిదే. డీసెలు బండి పెట్రోలు బండికంటె లక్షన్నర హెచ్చు వెల యనుకొందము. లీటరు పెట్రోలు 105 రూపాయలు, డీసెలు 95 రూపాయలు అనుకొందము. మొదటిది లీటరుకు 16, రెండవది 20 కిలోమీటర్లు నడచుననుకొందము. కిలోమీటరు ఒక్కంటికి మిగులునది 1 రూపాయి 80 పైసలు. లక్షన్నర తిరిగి రావలెనన్న 83 వేల కిలోమీటర్లు తిరుగవలెను. ఏటికి 60 వేలు త్రిప్పు టాక్సీవానికి అది ఏడాదిన్నర పని. పెండ్లిండ్లకును, కోర్టు వాయిదాలకును ఏటికి 8 వేలు తిరుగు భూస్వామికి అది పదియేండ్లకు పైమాట. అప్పటికి బండియే ముసలిదగును. అయినను పొరుగువాడు డీసెలు బండి కొనెనని తానును కొనిన పెద్దలు మన పల్లెలలో కొల్లలు.

చవకదనమునే పరమావధిగా పెట్టుకొనిన యొక మహాప్రయత్నమును ఇచ్చట స్మరింపక తప్పదు. 2008 జనవరిలో ఢిల్లీ ప్రదర్శనమున టాటా వారు నానో యను బండిని లోకమునకు చూపిరి. వెల లక్ష రూపాయలని ప్రకటించిరి. తల్లి, తండ్రి, ఇరువురు బిడ్డలు వానలో నొక స్కూటరుపై ప్రాణములరచేత పెట్టుకొని పోవు దృశ్యమే ఈ సంకల్పమునకు మూలమని రతన్ టాటాగారు పలుమాఱులు చెప్పిరి. సంకల్పము ఉదాత్తమైనది, మన యింజనీర్ల నేర్పు ప్రపంచమును ఆశ్చర్యపఱచినది. ఐనను పశ్చిమ వంగమున సింగూరు నుండి గుజరాతునందలి సానందునకు కర్మాగారమును తరలింపవలసి వచ్చెను; 2010లో కొన్ని బండ్లు మంటల పాలగుటచే జనులు భీతిల్లిరి; ఏటికి రెండున్నర లక్షల బండ్లు చేయగల కర్మాగారము ఏ యేటను ఆ మేరకు పని చూడలేదు. 2018 జూన్‌లో తయారైన నానో ఒక్కటే యని పత్రికలు ప్రకటించినవి. ఇదేల జరిగెను? లోకములో నెల్ల చవకైన బండి యను బిరుదమే దానికి శాపమయ్యెను. మన దేశమున బండి కొనువాడు ప్రయాణసాధనముతో పాటు గౌరవమును గూడ కొనుచున్నాడు. చవకవాడని వీధిలో ప్రకటించు వస్తువునకు తన కష్టార్జితమును వెచ్చింపడు. దీనిని మూఢత్వమని కొట్టివేయుట సులభము. కాని తరతరములుగా చిన్నచూపు చూడబడినవాడు గౌరవమును కోరుట మూఢత్వమని మేము చెప్పజాలము.

బండి విషయమున లెక్కకెక్కని మఱియొక పద్దు కలదు. అది ప్రాణము. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశమున విరివిగా అమ్ముడుపోవు అయిదు చిన్న బండ్లను గోడకు ఢీకొట్టించి పరీక్షింపగా, అయిదింటికిని పెద్దల రక్షణ విషయమున సున్న నక్షత్రములు వచ్చినవి. వానిలో నొకటియైన ఫోక్స్‌వ్యాగన్ పోలోకు ముందు రెండు గాలి సంచులను అమర్చి మరల పరీక్షింపగా నాలుగు నక్షత్రములు వచ్చినవి! బండి అదియే, భేదము గాలిసంచులు. ఆనాడు అనేకములైన చవక నమూనాలలో అవి లేవు. కంపెనీలు మాన్పినవి, కొనువారును అడుగలేదు. వెలుపల మెఱుగులకును, పాటల పెట్టెకును ఇరువది వేలు చెల్లించు గృహస్థుడు, భార్యాబిడ్డల ప్రాణరక్షణకు ఆ ఇరువది వేలు దండుగ యనుకొనెను. తుదకు 2019 జూలై నుండి డ్రైవరు గాలిసంచి నిర్బంధమయ్యెను. 2023 అక్టోబరు నుండి భారత్ ఎన్‌క్యాప్ పేర మన పరీక్షయే యేర్పడెను. అంగడి తనంతట తాను నేర్పని పాఠమును చట్టము నేర్పవలసి వచ్చినదని దీనివలన తేటపడుచున్నది.

ఇక కంప్యూటరు. పిండి చవక యగుట యన నేమో ఇచ్చట చూడవలెను. 1981లో ఐ. బి. ఎం. వారి తొలి పర్సనల్ కంప్యూటరు 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తితో 1,565 డాలర్లకు అమ్మబడెను. 2012లో ఇంగ్లండున వెలువడిన రాస్ప్‌బెర్రీ పై యను అరచేతి పలక 256 మెగాబైట్లతో 35 డాలర్లకు దొరకెను. ముప్పదియొక్క సంవత్సరములలో వెల నలుబదియైదవ వంతునకు దిగగా, జ్ఞాపకశక్తి పదునాఱువేల రెట్లు పెరిగెను. కావున “పదియేండ్ల వఱకు పనికివచ్చును” అని నేడు అత్యున్నతమైన యంత్రమును కొనుట అవివేకము. ఆ పైపై శక్తికి నేడు ఇచ్చు రెట్టింపు వెల, మూడేండ్ల పిదప సగమునకు దిగును. అట్లని మఱీ అడుగునకు దిగుటయు అవివేకమే. 2011 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము విద్యార్థులకై ఆవిష్కరించిన ఆకాశ్ పలక ఇందుకు నిదర్శనము. హైదరాబాదున కూర్చబడిన ఆ పలక వెల రెండున్నర వేల రూపాయలకు లోపే. కాని దాని 366 మెగాహెర్ట్జుల మెదడు మందము. వ్రేలు గట్టిగా నొక్కిన గాని తెర పలుకదు. విద్యార్థికి కావలసినది చవక పలక కాదు, చదువుటకు పనికివచ్చు పలక. పనికి చాలని వస్తువునకు ఇచ్చిన వెల ఎంత స్వల్పమైనను అది యంతయు నష్టమే.

ఇంతకంటె గొప్ప అన్యాయము మఱొకటి కలదు. యంత్రము బాగుండగనే దానిని మూల బెట్టించుట. మైక్రోసాఫ్టు వారు విండోస్ 10నకు 2025 అక్టోబరు 14వ తేదీతో సాధారణ రక్షణ సవరణలను నిలిపివైచిరి. తరువాతిదగు విండోస్ 11నకు టి. పి. ఎం. 2.0 మొదలగు నిబంధనలు విధించుటచే, చక్కగ నడచుచున్న కోట్లకొలది కంప్యూటర్లు ఒక్క శాసనముతో పాతవైనవి. వానిలో పెక్కింటికి లినక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరును వేసిన మఱి కొన్నేండ్లు నిక్షేపముగా పనిచేయును. పాత డిస్కు స్థానమున ఎస్. ఎస్. డి. నమర్చిన, కొద్ది ఖర్చుతో యంత్రము కొత్త ఊపిరి తీయును. ఫ్రాన్సు దేశము 2021 జనవరి నుండి కొన్ని యంత్రములకు, అవి యెంత సులభముగ మరమ్మతగునో పదింటికి మార్కులు వేసి వెలపట్టీ ప్రక్కనే చూపవలెనని శాసించినది. మన దేశముననో, బాటప్రక్కన కూర్చుండి దేనినైనను బాగుచేయగల మెకానికులు ఊరూర నున్నారు. ఇట్టి సంపదను పెట్టుకొని, అంటించిన పెట్టెలను విప్పుటకు వీలులేని పరికరములను దిగుమతి చేసికొనుట స్వహస్తముతో స్వవృత్తిని చంపుకొనుటయే.

తుదకు పొలములోని పంపు. 2004 మే నెలలో నాటి ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డిగారు పదవి స్వీకరించిన నాడే వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తును ప్రకటించిరి. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి అది 24 గంటలకు పెంపబడెను. అప్పులలో మునిగిన రైతునకు అది ప్రాణదానమని మేము ఒప్పుకొందుము. కాని దీపమున మనము చూచిన లెక్క ఇచ్చట తలక్రిందగుచున్నది. దాణా వెల సున్నయైన పిమ్మట గుర్రము ఎంత తినునో ఎవరు చూతురు? నూటికి 30 పాళ్లు పనిచేయు పంపునకు మాఱుగా 45 పాళ్లు పనిచేయు పంపును పెట్టిన, అంతే నీటికి మూడవవంతు కరెంటు మిగులును. రైతునకు బిల్లు లేదు. కావున వెల తక్కువ పంపే వానికి న్యాయమైన బేరము. ఆ బేరమునకు మిగిలిన సొమ్ము ప్రజల బొక్కసము చెల్లించుచున్నది. రైతునకును ఇది పూర్తిగ ఉచితము కాదు. కెపాసిటరు లేని నాసి మోటార్లు ఒక్కుమ్మడిగ తిరిగిన ఓల్టేజి పడిపోవును, ట్రాన్స్‌ఫార్మరు కాలును, పైరు పొట్టపై నున్న వేళ మోటారు కాలి, మరల చుట్టించుటకు పట్టణమునకు పరుగెత్తవలెను. ఉచితముగా వచ్చిన కరెంటు వెలను రైతు మెకానికు కొట్టులో చెల్లించుచున్నాడు.

దీనికి పరిష్కారము ఉచితమును లాగివేయుట కాదు. దీపముల విషయమున నడచిన దారియే యున్నది. ప్రభుత్వములు మేలైన పంపులను లక్షల సంఖ్యలో ఒక్కమాఱు కొని, చవక ధరకు, వాయిదాలపై, మరమ్మతు పూచీతో రైతున కందింపవలెను. మిగిలిన కరెంటులో కొంత వాటా వానికే సొమ్ముగ నీయవలెను. అప్పుడు పొదుపు వాని కోరిక యగును.

స్వదేశీ యుద్యమ దినములలో మన పెద్దలు మిల్లు బట్టకంటె హెచ్చు వెల యిచ్చి ఖద్దరు కట్టిరి. వారు లెక్క తెలియనివారు కారు. సాలెవాని కూడును, దేశముయొక్క మానమును కూడ పద్దులో వ్రాసికొని లెక్క చూచిరి. నేడును అట్లే చూడవలెను: కొను వెల, మేత వెల, మన్నిక, మరమ్మతు, ప్రాణరక్షణ, చెల్లించువా రెవరు అను నాఱు పద్దులు. 2006 నుండి విద్యుత్పరికరములపై నక్షత్రముల పట్టీ వచ్చినది; దానిని మన యాడువారును, రైతులును చదువుకొనునట్లు స్పష్టమైన తెలుగులో, ఏటి ఖర్చు రూపాయలలో చూపుచు ముద్రింపవలెనని మేము కోరుచున్నాము. స్వదేశపు ఉత్పత్తిదారులకును ఒక్క మాట: దేశీయమను పేరు నాసితనమునకు ముసుగు కారాదు. ప్రజలు లెక్క చూడ నేర్చిన దినమున నాసి సరకు ఏ దేశమునుండి వచ్చినను అంగడిలో నిలువదు; లెక్క చూడనంతవఱకు ఎంత గొప్ప చట్టమును వారిని రక్షింపజాలదు.