వేగానికి ఒక పాఠశాల

వేగం పట్ల మోజు యౌవనానికి సహజం. అయితే ఆ మోజు తీర్చుకొనడానికి రహదారిని ఎన్నుకొనడం ప్రాణాంతకం, నేరం కూడా. ప్రభుత్వపు లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలాలలో వాహనాల పందెం వేయడాన్ని మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను నిషేధిస్తున్నది. 2019 నాటి సవరణ ప్రకారం తొలి నేరానికి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. కాని శిక్షాభయం ఒక్కటే ఈ దాహాన్ని చల్లార్చలేదు. దానికి తగిన చోటు చూపాలి.

అటువంటి చోట్లు మన దేశంలో లేకపోలేదు. ఒకప్పుడు మద్రాసు సమీపాన షోళవరంలోని పాత విమానాల రన్‌వేపై పందేలు జరిగేవి. తరువాత శ్రీపెరుంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోట్టైలో ప్రత్యేకమైన ట్రాకు వెలసింది. కోయంబత్తూరులో కారి మోటారు స్పీడ్‌వే ఉన్నది. 2011లో గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ ప్రారంభమయింది. ఇటువంటి ట్రాకులపై సామాన్యులు రుసుము చెల్లించి తమ సొంత కార్లను నడుపుకొనే రోజులనే ‘ట్రాక్ డే’ అంటారు. ఇది పందెం కాదు. బహుమతి ఉండదు, విజేత ఉండడు. ఈ సంగతి మరచిన క్షణాననే ప్రమాదం మొదలవుతుంది.

బండికి పరీక్ష

వేగం రెట్టింపయితే కారులోని గతిశక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ శక్తినంతటినీ బ్రేకులు వేడిగా మార్చవలసిందే. బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకొనే గుణం ఉన్నది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదని ప్రమాణం. తేమ చేరిన తరువాత ఈ హద్దు 155 డిగ్రీలకు దిగిపోతుంది. ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి లోనికి పోతుంది, కారు ఆగదు. కనుక ముందుగానే ఆయిల్ మార్పించాలి. బ్రేకు ప్యాడ్లు, టైర్లు, చక్రాల నట్లు పరీక్షింపజేయాలి. డిక్కీలోని స్టెప్నీ, జాకీ, సీటు క్రింద దొర్లే నీళ్ళసీసా అన్నీ తీసివేయాలి.

జెండాల భాష

ఉదయం నిర్వాహకులు చెప్పే సూచనలను శ్రద్ధగా వినాలి. పసుపు జెండా ఎదుట అపాయమున్నదని చెబుతుంది: వేగం తగ్గించాలి, ఎవరినీ దాటరాదు. ఎరుపు జెండా కనబడితే నిదానంగా పిట్‌కు మరలాలి. నీలి జెండా వెనుక వేగవంతమైన కారు వస్తున్నదని తెలుపుతుంది. నల్ల జెండా ఎవరికి చూపితే వారు పిట్‌లోనికి రావాలి. కొత్తవారి బృందంలో దాటడం సాధారణంగా తిన్నని భాగాలలోనే, అదీ ముందరివాడు చేతితో సైగ చేసిన తరువాతనే.

మలుపులో మెలకువ

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. కొత్తవారు తరచుగా చేసే పొరపాటు మలుపులోనికి మితిమీరిన వేగంతో ప్రవేశించి, నడుమ బెదరి యాక్సిలరేటరు వదలివేయడం. అప్పుడు బరువు ముందుకు ఒరుగుతుంది; వెనుక చక్రాలు పట్టు తప్పి కారు గిరగిర తిరుగుతుంది. బ్రేకు తిన్నని దారిలోనే వేయాలి. తరువాతనే స్టీరింగు తిప్పాలి. మలుపు చివర కనబడిన పిదప మెల్లగా వేగం పెంచాలి. అయినా కారు తిరిగిపోతే క్లచ్, బ్రేకు రెండూ అదిమిపట్టాలి. ఆగిన తరువాత, మంటలు లేనంతవరకు, బెల్టు విప్పక సిబ్బంది కోసం వేచి ఉండాలి.

తొలి చుట్టు టైర్లు వేడెక్కడానికి, చివరి చుట్టు బ్రేకులు చల్లారడానికి. ఆపిన వెంటనే హ్యాండ్ బ్రేకు వేయరాదు. అలసట తోచిన చుట్టే ఆఖరి చుట్టు కావాలి. మరొక్క మాట: మామూలు మోటారు బీమా పాలసీలు పందేలకు, వేగపరీక్షలకు వర్తించవు. బయలుదేరే ముందే పాలసీ చదువుకొనడం మేలు.

ట్రాకు నేర్పే అసలు విద్య వేగం కాదు. తన బండి ఎంత దూరంలో ఆగగలదో, తన నేర్పు ఎక్కడ అంతమవుతుందో అక్కడ తెలిసివస్తుంది. ఆ హద్దు ఎరిగినవాడు రహదారిపై దానిని పరీక్షించబోడు.