రాసుకోవాలా, మింగాలా?

గుంటూరు కొత్తపేటలో ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఆమధ్య ఓ సాయంత్రం పాతికేళ్ల కుర్రాడొకడు వచ్చి, ఫోన్‌లో బిళ్లల స్ట్రిప్ ఫొటో చూపించాడు. "బాబాయ్, ఇవి నెలకు సరిపడా ఇవ్వండి. మా రూమ్మేట్‌కి జుట్టు బాగా వచ్చింది. లోషన్ రాసుకోవడం నా వల్ల కాదు" అన్నాడు. అవి మినాక్సిడిల్ బిళ్లలు. డాక్టరు చీటీ లేదన్నాడు. నేను ఇవ్వలేదు. కానీ ఉత్త చేతుల్తో పంపబుద్ధి కాక, స్టూలు వేసి కూర్చోబెట్టాను.

మినాక్సిడిల్ అసలు బీపీ మందు. మిగతా మందులకు లొంగని రక్తపోటు కోసం 1979లో అమెరికాలో బిళ్లగా అనుమతి పొందింది. వాడినవాళ్లకు ఒంటిమీద వెంట్రుకలు పెరగడం చూసి దాన్ని తలకు రాసే మందుగా మార్చారు. 1988లో మగవాళ్ల బట్టతలకు 2 శాతం లోషన్‌గా అనుమతి వచ్చింది. ఇప్పుడు చర్మవైద్యులు తిరిగి బిళ్ల రాస్తున్నారు గానీ, బీపీకి వాడిన 10 నుంచి 40 మిల్లీగ్రాముల మోతాదు కాదు. ఆడవాళ్లకు పావు మిల్లీగ్రాముతో మొదలుపెడతారు, మగవాళ్లకు సాధారణంగా 5 దాటరు.

లోషన్ కొన్నవాళ్లకు డ్రాపర్ చేతిలో పెట్టి మరీ చెబుతాను. 1 మిల్లీలీటరు గీత దాకా తీయండి. తల పొడిగా ఉన్నప్పుడు పాపిట విడదీసి, చర్మం మీద పడేలా చుక్కలు వేయండి. వెంట్రుకలకు పట్టిస్తే మందు వృథా. చేతులు కడుక్కోండి, ఆరాకే దిండు మీద తల పెట్టండి. ఇంట్లో పిల్లిని పెంచుతుంటే మరీ జాగ్రత్త, ఈ మందు నాకితే పిల్లి ప్రాణానికే ముప్పు. దురద పుడితే చాలాసార్లు కారణం లోషన్‌లో కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్. అది లేని నురగ మందు కూడా దొరుకుతుంది.

మా దగ్గరికి వచ్చే ఒక టీచరమ్మ లోషన్ మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ మానేశారు. "తల జిడ్డుగా ఉంటుంది అన్నయ్యగారూ, అలా బడికెలా వెళ్లను?" అనేవారు. డాక్టరు బీపీ, గుండె పరీక్షించి చిన్న మోతాదు బిళ్ల రాశారు. ఆరు నెలలకు పాపిట సన్నబడింది. చెంపల మీద నూగు కూడా పెరిగింది. ఆమె దానికి సర్దుకున్నారు, అందరూ సర్దుకోలేరు.

బిళ్ల ఒళ్లంతా తిరుగుతుంది. కొందరికి పాదాలు వాస్తాయి, గుండె దడదడలాడుతుంది, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. గుండె జబ్బున్నవాళ్లు, బీపీ మందులు వాడేవాళ్లు డాక్టరు చెప్పకుండా ముట్టకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు లోషన్‌కూ బిళ్లకూ రెండింటికీ దూరంగా ఉండాలి.

పోనీ బిళ్ల అంత గొప్పగా పనిచేస్తుందా? బ్రెజిల్‌లో 90 మంది మగవాళ్ల మీద 24 వారాలు పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. రోజూ 5 మిల్లీగ్రాముల బిళ్ల, రోజుకు రెండుసార్లు రాసే 5 శాతం లోషన్‌ కంటే మెరుగని తేలలేదు. అయితే మినాక్సిడిల్‌ను పనిచేసే రూపంలోకి మార్చే ఎంజైము కొందరి తలచర్మంలో తక్కువ. అలాంటివాళ్లు ఎంత శ్రద్ధగా రాసినా ఫలితం అంతంతమాత్రమే. వాళ్లకు బిళ్ల ఒక దారి కావచ్చు.

ఏది వాడినా మొదటి వారాల్లో జుట్టు ఇంకాస్త రాలవచ్చు, భయపడి ఆపకండి. ఫలితం కనబడటానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని నెలల్లోనే వచ్చిన జుట్టు పోతుంది. అందుకే ఏళ్ల తరబడి ఏది వాడగలరో చూసుకుని ఎంచుకోవాలి.

ఇదంతా చెప్పాక కుర్రాణ్ణి అడిగాను, "ఈమధ్య జ్వరమేమైనా వచ్చిందా నాయనా?" అని. మూడు నెలల కిందట డెంగీతో ఆస్పత్రిలో ఉన్నాడట. అలాంటి జ్వరం తర్వాత, కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు జుట్టు గుప్పెళ్లుగా రాలుతుంది. చాలామందికి దానంతట అదే తిరిగి వస్తుంది.

వారం తర్వాత చీటీతో వచ్చాడు. అందులో లోషనూ లేదు, బిళ్లా లేదు. రక్తపరీక్షలు రాసి, మూడు నెలలు ఆగి రమ్మన్నారు డాక్టరు.

జుట్టు ఎందుకు రాలుతోందో ముందు తెలుసుకోండి. రూమ్మేట్ స్ట్రిప్ ఫొటోతో కాదు, మీ పేరు రాసిన చీటీతో మా షాపులకు రండి.