అరవై దాటాక ఆటకో ప్రణాళిక

మా మామగారికి 63 ఏళ్లు. ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉండగా సరదాగా మొదలుపెట్టిన గోల్ఫ్ ఇప్పుడు ఆయన దినచర్య. సీనియర్ల టోర్నమెంట్లంటే ప్రాణం. నిరుడు ఒక టోర్నమెంటుకు నెల ముందు నుంచి వారానికి ఐదు రోజులు మైదానానికి వెళ్లి, రోజుకు 150 బంతులు చొప్పున బలంగా కొట్టారు. ఇంకో నాలుగు రోజులుందనగా నడుం పట్టేసింది. ఆడలేకపోయారు. "ఇక ఈ కిట్ ఎవరికైనా ఇచ్చేద్దాం అల్లుడుగారూ" అని ఆయన అన్న తీరుకు ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు.

నాకు గోల్ఫ్ రాదు. కానీ ఉన్న వనరుల్ని ఎక్కడ పెడితే ఎక్కువ ఫలితం వస్తుందో ఆలోచించడం మన ఉద్యోగం నేర్పిన విద్యే కదా! ఫిజియోథెరపిస్టు, కోచ్ చెప్పినవి ముందు పెట్టుకుని మామాఅల్లుళ్లం ఓ ఆదివారం కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాం.

వయసు అడ్డు కాదు, పద్ధతే ముఖ్యం

జర్మనీ ఆటగాడు బెర్న్‌హార్డ్ లాంగర్ 2023లో యూఎస్ సీనియర్ ఓపెన్ గెలిచేనాటికి ఆయన వయసు 65. అంతకుముందు, 2009లో టర్న్‌బెరీలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌లో 59 ఏళ్ల టామ్ వాట్సన్ కుర్రాళ్లందరినీ దాటి చివరి హోల్ దాకా ముందున్నారు. అక్కడ సుమారు ఎనిమిది అడుగుల దూరం నుంచి బంతిని గుంటలో వేస్తే కప్పు ఆయనదే. అది తప్పిపోయింది. తర్వాత ప్లేఆఫ్‌లో స్టీవార్ట్ సింక్ గెలిచారు. అంత పెద్ద ఆటలో ఫలితం తేల్చింది దూరం కొట్టే బలం కాదు, గుంట పక్కన వేసే చిన్న దెబ్బ.

ముందు లెక్క తీయాలి

సాధారణంగా 18 హోళ్ల మైదానానికి పార్, అంటే నిర్ణీత దెబ్బలు, 72. ఇందులో హోల్‌కు రెండు చొప్పున 36 పట్‌లు లెక్కలోనే ఉంటాయి. పట్ అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గ్రీన్ మీద బంతిని దొర్లించే దెబ్బ. అంటే లెక్కలో సగం అక్కడే. అందుకే మామగారిని వరసగా ఐదు రౌండ్లు స్కోరుతోపాటు పట్‌లు కూడా విడిగా రాయమన్నాను. రౌండుకు సగటున నలభై దాకా తేలాయి. ఆయన మాత్రం సాధన సమయమంతా డ్రైవర్‌తో దూరం కొట్టడానికే ఖర్చు చేస్తున్నారు. నష్టం ఒక ఖాతాలో, పెట్టుబడి మరో ఖాతాలో!

వారానికి ఆరు గంటలు

సాధనకు వారానికి ఆరు గంటలని నిర్ణయించుకున్నాం. మూడు గంటలు పట్‌లకూ, గ్రీన్ పక్క నుంచి వేసే చిప్‌లకూ. గంటన్నర ఐరన్‌లకు. అరగంట మాత్రమే డ్రైవర్‌కు. మిగిలిన గంట కాళ్లు, తుంటి, నడుం కండరాల వ్యాయామానికి. ఇవి కాక వారానికి ఒక పూర్తి రౌండు. రెండు రోజులు విశ్రాంతి, అప్పుడు నడక మాత్రమే.

పట్‌ల సాధనలో రెండు మెట్లు. మొదట గుంట చుట్టూ మూడు అడుగుల దూరంలో పది బంతులు పెట్టి ఎన్ని పడ్డాయో రాయాలి. తర్వాత ముప్ఫై అడుగుల నుంచి కొట్టాలి. అక్కడ గుంటలో వేయాలనే పట్టుదల వద్దు, మూడు అడుగుల లోపల ఆగితే చాలు. ఎనిమిది అడుగుల నుంచి మేటి ప్రొఫెషనల్స్ కూడా రెండింట్లో ఒకటే వేస్తారు. కాబట్టి రెండో పట్‌ను దగ్గర చేసుకోవడమే తెలివి.

చిప్‌కు ఒకటే బంతి. ఒకచోటి నుంచి వేసి, వెళ్లి పట్ కూడా పూర్తిచేసి, మరోచోటికి మారాలి. పోటీలో ఒకే దెబ్బను ఇరవైసార్లు వేయనివ్వరు కదా! ఐరన్‌లతోనూ అంతే. రోజుకు 50 బంతులు మించకుండా, ప్రతి బంతికీ లక్ష్యం మార్చాలి.

ఒళ్లు చెప్పే మాట

మొదటి బంతికి ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కించడం తప్పనిసరి. గోల్ఫ్ స్వింగ్‌లో నడుం బలంగా మెలితిరుగుతుంది. తుంటి బిగుసుకుని ఉంటే ఆ భారమంతా వెన్ను మీదే పడుతుంది. నొప్పి మొదలైతే ఆ పూట సాధన ఆపేయాలి. బీపీ, షుగర్, గుండె సమస్యలున్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. వేసవిలో ఎండ ముదరకముందే ముగించాలి, నీళ్ల సీసా వెంట ఉండాలి. టోర్నమెంటు వారంలో సాధన సగానికి తగ్గించాలి. ముందురోజు కాసేపు పట్‌లు వేస్తే చాలు. మామగారికి అన్నిటికన్నా కష్టమైన నియమం ఇదే. ఆ వారం కారు తాళాలు అత్తయ్యగారి దగ్గరే ఉన్నాయి!

నాలుగు నెలలు గడిచాక ఆయన మళ్లీ పోటీకి వెళ్లారు. బహుమతి రాలేదు. రెండు రోజులూ పూర్తిగా ఆడి, నడుం నొప్పి లేకుండా ఇంటికొచ్చారు. రాగానే స్కోరు కార్డు నా చేతిలో పెట్టి, "రెండో రోజు 34 పట్‌లే అల్లుడుగారూ, చూడండి" అన్నారు. కిట్ ఇచ్చేసే మాట మళ్లీ ఎత్తలేదు.

మన ఇళ్లలోనూ షటిలో, టేబుల్ టెన్నిసో, నడక పోటీలో ఆడే పెద్దలున్నారు. "ఈ వయసులో ఎందుకు?" అని అడిగే ముందు, ఒక ఆదివారం వారి పక్కన కాగితం, పెన్సిలుతో కూర్చుని చూడండి.